కజఖ్ వెండి నగలు, తాయెత్తులు: ఏది ఎవరికి, ఎలా చూసి కొనాలి

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. అల్మాటీలో మెడిసిన్ చదువుతున్నావు. సెలవులకి ఇంటికొస్తూ అమ్మకి, అక్కకి, అక్కకి కొత్తగా పుట్టిన పాపకి కజఖ్ వెండి వస్తువులేవైనా తేవాలనుకుంటున్నావు. బజార్లో ఒకాయన మూడు మూలల వెండి తాయెత్తు చూపించి, నూట యాభై ఏళ్ళ నాటిదన్నాడు. అది నమ్మొచ్చా, వేరే మతం వాళ్ళ తాయెత్తు మనం వేసుకోవచ్చా, ఎవరికి ఏది ఇస్తే బాగుంటుంది, ఇంటికి తెచ్చాక ఎలా శుభ్రం చేసుకోవాలి అని అడిగావు. మా నాన్నది వెండి పని, కుంపటి పక్కనే పెరిగాను. పెళ్ళయ్యాక అల్మాటీలో చాలాకాలం ఉన్నాను. అక్కడి కంసాలిని జెర్గెర్ అంటారు, అలాంటి వాళ్ళ పక్కన కూర్చుని పని చూసే అదృష్టం కలిగింది. అందుకని కాస్త పొడుగ్గానే చెప్తాను, ఓపిగ్గా చదువు.

నువ్వు నగ వేరు, తాయెత్తు వేరు అనుకుని అడుగుతున్నావు. కజఖులు ఆ రెంటినీ అలా విడదీయరు. వాళ్ళ లెక్కలో వెండి నగ ఏదైనా రక్షే. వెండి కావడం వల్ల దానికి సగం బలం, ఫలానా మనిషి ఫలానా వేళకి పెట్టడం వల్ల మిగతా సగం. అత్తగారు పెట్టిన చెవి కమ్మలు, తల్లి వదిలి వెళ్ళిన ఉంగరం, పురిటి స్నానపు నీళ్ళలోంచి తీసిన నాణెం, ఇవన్నీ రక్షలే. నీకు బజార్లో చూపించిన మూడు మూలల తాయెత్తుని తుమార్ అంటారు. అది వాటిలో కంటికి బాగా ఆనే రూపం, అంతే. సూవెనీర్ కొట్లలో అదే ఎక్కువ కనబడుతుంది గనుక కొత్తగా వచ్చినవాళ్ళు అదొక్కటే రక్ష అనుకుంటారు.

బంగారం ఆ నేలకి కొత్త కాదు. అల్మాటీకి సుమారు యాభై కిలోమీటర్ల దూరంలో ఇస్సిక్ దగ్గర 1969లో కెమాల్ అకిషెవ్ బృందం తవ్విన శకుల సమాధిలో నాలుగు వేలకు పైగా బంగారు ముక్కలతో అలంకరించిన యోధుడు బయటపడ్డాడు. అదే సమాధిలో ఒక చిన్న వెండి గిన్నె దొరికింది. దానిమీద 26 గుర్తుల రాత ఉంది, అందరూ ఒప్పుకునేలా దాన్ని ఇంతవరకూ ఎవరూ చదవలేదు. కానీ అది రెండు వేల ఏళ్ళ కిందటి మాట. పంతొమ్మిదో శతాబ్దంలో గుర్రాల వెంట, గొర్రెల వెంట తిరిగిన కజఖ్ ఇల్లాలి ఒంటి మీద ఉన్నది వెండి. చంద్రుడి లోహమని, మైల తీసే లోహమని దానిమీద నమ్మకం. చేతికి ఉంగరం లేకుండా వండిన తిండి శుద్ధమైనది కాదని పెద్దవాళ్ళు ఇప్పటికీ అంటారు. పిండి కలిపే చేతికి, మాంసం కోసే చేతికి వెండి ఉండాలి. వయసు మళ్ళి మిగతా నగలన్నీ కూతుళ్ళకీ కోడళ్ళకీ పంచేసిన ముసలమ్మల చేతికి కూడా ఒక ఉంగరమో కడియమో ఉండటం నువ్వే చూసి ఉంటావు.

బిడ్డ పుట్టిన నలభయ్యో రోజు చేసే స్నానం కూడా వెండితోనే. నీళ్ళలో వెండి ఉంగరాలు, నాణేలు వేస్తారు. నలభై చెంచాల నీళ్ళు లెక్కగా పోస్తారు. స్నానం అయ్యాక ఆ ఉంగరాలూ నాణేలూ వచ్చిన ఆడవాళ్ళు తలా ఒకటి తీసుకుంటారు, శుభమని. అల్మాటీ అపార్ట్‌మెంట్లలో కూడా ఇది బాగా జరుగుతుంది. వెండి అయాన్లు సూక్ష్మజీవుల్ని చంపుతాయని నీకు తెలుసు, కాలిన గాయాలకి సిల్వర్ సల్ఫాడయజీన్ రాస్తారు. అయితే కాసేపు నీళ్ళలో మునిగిన ఉంగరం నుంచి దిగే వెండి అతి స్వల్పం. ఆచారాన్ని సైన్సుతో సమర్థించే శ్రమ పెట్టుకోకు, వాళ్ళకీ ఆ అవసరం లేదు. అలాగే వేలి ఉంగరం నల్లబడితే ఆ మనిషికి ఒంట్లో బాగాలేదని అనుకుంటారు. నల్లబడటానికి కారణం గాలిలో, చెమటలో, ఉల్లిపాయల్లో ఉండే గంధకం. అయినా తల్లి కూతురి ఉంగరం చూసి "ఏమైందే నీకు?" అని అడిగే ఆ పట్టింపు నాకు చాలా ఇష్టం.

ఇక తుమార్. దాని మొదటి రూపం చాలా సాదా. కాగితం మీద ఖురాన్ వాక్యమో దువానో, అంటే ప్రార్థనో, రాయించి, మడిచి, తోలులోనో మఖ్మల్ గుడ్డలోనో పెట్టి మూడు మూలలుగా కుట్టేస్తారు. పిల్లవాడి చొక్కా భుజానికి కడతారు, ఊయలకి కడతారు, పందెపు గుర్రానికీ కడతారు. కలిగినవాళ్ళు అదే రూపాన్ని వెండిలో చేయించుకున్నారు, లోపల బోలుగా, కాగితం పెట్టే చోటుతో. బోయ్‌తుమార్ అనేది గొట్టం ఆకారంలో గుండెల మీద అడ్డంగా వేలాడుతుంది. కింద వరసగా గొలుసులు, గొలుసుల చివర ఆకుల్లాంటి రేకులు. నడుస్తుంటే సన్నగా మోగుతుంది. ఆ మోత చెడును దూరంగా పెడుతుందని నమ్మకం. మూడు మూలల రూపం ఇస్లాం రాకముందు నుంచీ ఉన్నదేనని, ఖురాన్ వాక్యం దాని కడుపులోకి తర్వాత చేరిందని పరిశోధకులు అంటారు. స్టెప్పీ, అంటే ఆ గడ్డిమైదానాల మనుషుల మతం నిజంగా అలాగే ఉంటుంది, పాత ఆకాశ దేవుడు తెంగ్రీ మీద నమ్మకం పోలేదు, దానిమీద ఇస్లాం వచ్చి కూర్చుంది.

దిష్టి భయం మనకున్నట్టే వాళ్ళకీ ఉంది. చంటిపిల్లల టోపీకి, ఊయలకి కోజ్‌మొన్షాక్ కుడతారు. నల్లపూస మీద తెల్ల చుక్కలు, కన్ను లాగా ఉంటుంది. గవ్వని జిలాన్‌బాస్ అంటారు, పాముతల అని. తోడేలు గోరు, తోడేలు పన్ను వెండి తొడుగులో బిగించి పిల్లలకి కట్టేవాళ్ళు. మనవాళ్ళకి ఆశ్చర్యం కలిగించేది గుడ్లగూబ ఈక. మన ఊళ్ళల్లో గుడ్లగూబ ఇంటి మీద వాలితే కీడంటాం. వాళ్ళు దాని ఈకల గుత్తిని, ఉకీ అంటారు, పెళ్ళికూతురి కిరీటం మీద, ఊయల మీద, దోంబ్రా అనే రెండు తీగల వాద్యం తల మీద కడతారు. దాని రొమ్ము మీది గీతలు ఖురాన్ రాతలా ఉంటాయని వాళ్ళ మాట. ఒక హెచ్చరిక: ఈకలు, గోళ్ళు, పళ్ళు ఎంత ముచ్చటగా ఉన్నా కొనకు. గుడ్లగూబలు, తోడేళ్ళు అంతర్జాతీయ ఒప్పందం కింద రక్షణలో ఉన్న జంతువులు. అనుమతి పత్రాలు లేకుండా సరిహద్దు దాటిస్తే ఎయిర్‌పోర్టులో ఇబ్బంది పడతావు. అంతకుమించి, ఆ వ్యాపారాన్ని మనం పెంచకూడదు.

వేరే మతం వాళ్ళది వేసుకోవచ్చా అన్నావు కదా. కొత్తగా చేసి అమ్మే వెండి తుమార్ ఖాళీ డబ్బా, లోపల ఏ రాతా ఉండదు. నగగా అమ్ముతారు, నగగా వేసుకోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. దర్గాకి వెళ్ళి పిల్లలకి తాయెత్తు కట్టించుకునే హిందూ కుటుంబాలు మన నెల్లూరు, కడప వైపు ఎన్నో ఉన్నాయి, మీ అమ్మగారికి ఇది వింతేమీ కాదు. కానీ పాత తుమార్‌లో కాగితం గనక ఉంటే సంగతి వేరు. అది ఒక పిల్లకో పిల్లాడికో వాళ్ళ క్షేమం కోరి రాయించిన దువా. దాన్ని విప్పి చూడకు. నేనైతే కొననే కొనను. ఇంకో సంగతి, ఇవాళ కజకిస్థాన్‌లో ఇమాములు చాలామంది తాయెత్తుల్ని ఒప్పుకోరు. రక్ష దేవుడిది, వస్తువుది కాదంటారు. నమాజు నియమంగా చేసే స్నేహితులుంటే వాళ్ళకి తుమార్ బహుమతిగా ఇవ్వకు, వాళ్ళని మొహమాటపెట్టినట్టవుతుంది.

తుమార్ నుంచి బయటికొచ్చి చూస్తే అసలు సంపద మొదలవుతుంది. ఒక ఆడపిల్ల జీవితంలో ఏ మలుపుకి ఆ వెండి ఉంటుంది. చిన్నపిల్లకి తేలిక నగలు, మోగేవి. జడలకి షోల్పి, షష్‌బౌ కడతారు, మన పెళ్ళికూతురి జడగంటల లాంటివే, నాణేలు వేలాడుతుంటాయి. ఆ చప్పుడు పిల్ల వస్తోందని పెద్దలకి తెలియజేస్తుంది, జడల బరువుకి నడక నిటారుగా ఉంటుంది. సంబంధం ఖాయమైనప్పుడు సిర్గా సాలు చేస్తారు. అబ్బాయి తల్లి వచ్చి పిల్ల చెవులకి కమ్మలు పెడుతుంది. ఇది పూర్తిగా బతికున్న ఆచారం, నీ క్లాసులో కజఖ్ అమ్మాయిలుంటే వాళ్ళ అక్కల సిర్గా సాలు ఫోటోలు చూపిస్తారు.

పెళ్ళికి సౌకెలె. మూరెడు పైన పొడవుండే కోసు కిరీటం, వెండి రేకులు, పగడాలు, ముత్యాలు, చెంపల పక్కనుంచి నడుము దాకా దిగే గొలుసులు. కలిగిన ఇళ్ళ సౌకెలె ఖరీదుని గుర్రాల్లో లెక్కేసేవారు. కోడలు పెళ్ళప్పుడు, ఆ తర్వాత కొంతకాలం పండగలకి దాన్ని పెట్టుకుని, తొలి కాన్పు అయ్యాక తీసేసి కిమెషెక్ అనే తెల్లటి తలగుడ్డ చుట్టుకునేది. గుండెల మీద ఓనిర్‌జియెక్ అనే పతకం, మణికట్టుకి బిలెజిక్‌లు, అంటే కడియాలు. వాటిలో బెస్ బిలెజిక్ చూడముచ్చటైనది, కడియం నుంచి గొలుసులు బయల్దేరి మూడు ఉంగరాలకి కలుస్తాయి, చేతి వెనకభాగమంతా వెండితో నిండిపోతుంది. మగవాళ్ళకి కిసె బెల్దిక్ ఉండేది, వెండి బిళ్ళలు తాపడం చేసిన తోలు నడికట్టు, దానికి కత్తి ఒర, తూటాల సంచి వేలాడేవి.

నా మనసుకి అన్నిటికంటే దగ్గరైనది కుదాగి జుజిక్. కుదాగి అంటే వియ్యపురాలు, జుజిక్ అంటే ఉంగరం. ఇది పశ్చిమ కజకిస్థాన్ వాళ్ళ ప్రత్యేకత. పైన ఒకే పెద్ద బిళ్ళ ఉంటుంది, కింద రెండు వేళ్ళు దూర్చే రెండు చుట్లు. రెండు కుటుంబాలు ఒకే ముఖం కింద చేరాయని భావం. దీన్ని పెళ్ళికూతురి తల్లి చేయించి పెళ్ళికొడుకు తల్లికి ఇస్తుంది. పెళ్ళిరోజునే ఇచ్చేయదు. కూతురు ఆ ఇంట్లో సుఖంగా ఉందని, అత్త కన్నతల్లిలా చూసుకుంటోందని తెలిశాక ఇస్తుంది. నా బిడ్డని బాగా చూశావమ్మా అని వెండిలో చెప్పడం అన్నమాట. అల్లుడికి, వియ్యంకుడికి పెట్టుబడులు లెక్కలేనన్ని ఉన్న మన పెళ్ళిళ్ళల్లో ఒక తల్లి ఇంకో తల్లికి కృతజ్ఞతతో ఇచ్చే వస్తువు ఏదీ నాకు గుర్తుకు రాదు. ఆ ఉంగరం చూసినప్పుడల్లా, దాన్ని చేయించిన తల్లి అంతకాలం ఎంత ఎదురు చూసి ఉంటుందో అనిపిస్తుంది. బిళ్ళ అంత పెద్దగా ఎందుకుంటుందో అప్పుడు అర్థమవుతుంది. అది పదిమందికీ కనబడాలి, వేసుకున్న అత్త మంచిదని ఊరికి తెలియాలి.

పని విషయానికొస్తే, ప్రాంతాన్ని బట్టి చెయ్యి మారుతుంది. కాస్పియన్ తీరాన మంగిస్తావ్ వైపు నగలు పెద్దవి, బరువైన చూపు, గుండ్రాలూ త్రికోణాలూ కొలిచినట్టు ఉంటాయి. వెండి మీద బంగారు పూత, మధ్యలో కార్నీలియన్ అనే ఎర్రటి రాయి, లేదా రంగు గాజు. పొరుగున ఉన్న తుర్క్‌మెన్ల నగలతో దగ్గరి పోలిక కనబడుతుంది. చిన్న చిన్న వెండి గుండ్లు ఒక్కొక్కటిగా అతికించే పనికి బదులు, పల్చటి రేకుని అచ్చు మీద కొట్టి గుండ్ల వరసలా తేల్చడం అక్కడి నేర్పు. దాన్ని దొంగపని అనకు, ఆ రేకు అంత తీరుగా పడాలంటే చెయ్యి ఎంత స్థిరంగా ఉండాలో కుంపటి ముందు కూర్చున్నవాళ్ళకి తెలుసు. దక్షిణానికి, తూర్పుకి వస్తే తీగ పని, నల్లని నగిషీ కనబడతాయి. తీగ పని అంటే కమ్మచ్చులో లాగిన సన్నటి వెండి తీగని మెలిపెట్టి చట్రంలో అతకడం. మన కరీంనగర్ వెండి తీగ పని చూసినవాళ్ళు దాన్ని వెంటనే గుర్తుపడతారు, అయితే కరీంనగర్ పని జాలీలా గాలాడుతుంటుంది, కజఖులది చాలాసార్లు రేకు మీద పరిచి అతికినది. నల్లని నగిషీకి వెండి, రాగి, సీసం, గంధకం కలిపి కరిగించిన పొడిని చెక్కిన గాడుల్లో నింపి, వేడిచేసి, పైభాగం అరగదీస్తారు. గుర్రపు జీనులకీ కళ్ళేలకీ ఇంకో పద్ధతి ఉంది. ఇనుము మీద సన్నటి గీతలు అడ్డదిడ్డంగా గీసి, ఆ గరుకులో వెండి రేకు ఇమిడేలా సుత్తితో కొడతారు.

నగిషీ ఎలాంటిదైనా ఒక గుర్తు మాత్రం ఎక్కడ చూసినా ఎదురవుతుంది, కోష్కార్ ముయిజ్, పొట్టేలు కొమ్ముల మెలిక. నీ హాస్టల్ తివాచీ మీద కూడా అదే ఉండి ఉంటుంది.

వెండి గనులనుంచి నేరుగా జెర్గెర్ దగ్గరికి వచ్చేది కాదు. రష్యా రూబుళ్ళు, ఇరాన్, బుఖారా నాణేలు, చైనా నుంచి వచ్చిన వెండి దిమ్మెలు మూసలో కరిగేవి. ఆ దిమ్మెని జాంబి అంటారు. ఎత్తైన కొయ్యకి దాన్ని వేలాడదీసి గుర్రం మీద పరిగెడుతూ బాణంతో కొట్టే పోటీ కూడా ఉంది. కూలి పశువుల్లో ఇచ్చేవారు. లోహపు పని చేసేవాళ్ళకి దావూద్ ప్రవక్తే పీర్, అంటే కాపాడే గురువు. కొలిమి పవిత్రమైన చోటు, అక్కడ నోరు జారకూడదు.

ఇప్పుడు నూట యాభై ఏళ్ళ మాట. అసలైన పాత వస్తువు బజార్లో దొరకడం ఎందుకు అరుదో తెలియాలంటే కొంచెం చరిత్ర కావాలి. 1928లో సోవియట్ ప్రభుత్వం కలిగిన కజఖుల పశువుల్నీ ఆస్తుల్నీ జప్తు చేసింది. తర్వాత బలవంతపు సమిష్టి వ్యవసాయం, 1930 నుంచి 1933 దాకా కరువు. సుమారు పదిహేను లక్షల మంది చనిపోయారని అంచనా, అందులో అత్యధికులు కజఖులే. పశువే బతుకైన జాతికి పశువు లేకుండా చేశారు. ఆ రోజుల్లో టోర్గ్‌సిన్ అనే ప్రభుత్వ దుకాణాలుండేవి, 1931 నుంచి 1936 వరకు నడిచాయి. బంగారం, వెండి ఇస్తే పిండి ఇచ్చేవాళ్ళు. ఇళ్ళల్లో మిగిలిన వెండి అక్కడికి చేరింది. అవ్వ పెళ్ళినాటి కడియం మనవడి నోట్లో రొట్టెముక్క కావలసి వచ్చింది. అలా కరిగిపోయిన వాటికి లెక్క లేదు. మిగిలినవి దాచుకున్న కొద్దిమంది ఇళ్ళల్లో, మ్యూజియంలలో ఉన్నాయి. కాబట్టి నీ ముందుకొచ్చిన తుమార్ నిజంగా పాతదైతే, ఎవరి ఇంటినుంచో అవసరానికి బయటికొచ్చినది కావచ్చు, పాతది కాకపోతే మోసం. రెండు విధాలా నీకు మంచి బహుమతి కాదు. ఇది నా గట్టి అభిప్రాయం. పైగా చారిత్రక విలువ ఉన్న వస్తువుల్ని కజకిస్థాన్ నుంచి బయటికి తీసుకెళ్ళాలంటే నిపుణుల పరిశీలన, సాంస్కృతిక శాఖ అనుమతి కావాలి. అమ్మేవాడు "ఏం ఫర్వాలేదు" అంటాడు, ఎయిర్‌పోర్టులో వాడు నీ పక్కన ఉండడు.

పాతవి కళ్ళారా చూడాలంటే అల్మాటీలోనే సెంట్రల్ స్టేట్ మ్యూజియం ఉంది, కాస్తెయెవ్ ఆర్ట్ మ్యూజియం ఉంది. కొనేముందు ఒక పూట అక్కడ గడుపు. నిజంగా అరిగిన వెండి ఎలా ఉంటుందో కంటికి అలవాటవుతుంది. పాతదాంట్లో గొలుసు కొక్కేలు ఒకదానికొకటి రాసుకునే చోట సన్నబడి ఉంటాయి. బట్టకి తగిలే వెనకభాగం నున్నగా ఉంటుంది. బంగారు పూత ఎత్తైన చోట్ల పోయి పల్లంలో మిగులుతుంది. ఎక్కడో ఒక రేకు మార్చి ఉంటారు, మరమ్మతు అతుకు కనబడుతుంది. కొత్తదాన్ని మందు పూసి నల్లబరిస్తే ఆ నలుపు వేలు తగిలే చోటా తగలని చోటా ఒకేలా ఉంటుంది. పోత పోసిన నకలులో చెక్కుడు గీతలు మొద్దుబారి, చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి.

అంతకన్నా ముందు అది వెండేనా అని చూసుకో. అక్కడ జాతీయ శైలి నగల్లో మెల్హియోర్ చాలా ఎక్కువ. రాగి, నికెల్ మిశ్రమం, కొత్తలో అచ్చం వెండిలాగే మెరుస్తుంది. మెల్హియోర్ అని చెప్పి ఆ ధరకే అమ్మితే తప్పేం లేదు, డాన్సు బృందాల నగలన్నీ దాంతోనే. అయితే నికెల్ పడని చర్మానికి దురద వస్తుంది, చంటిపిల్లకి అసలు వద్దు. ముద్ర చూడు. ఇప్పటి వెండి మీద 925 ఉంటుంది. సోవియట్ కాలపుదైతే నక్షత్రం గుర్తు పక్కన 875 ఎక్కువ. జారుల కాలపు రష్యన్ వెండి మీద 84 ఉంటుంది. వాళ్ళ లెక్కలో స్వచ్ఛమైన వెండి 96 వంతులు, అందులో 84 అంటే వెయ్యికి 875 అన్నమాట. పల్లె జెర్గెర్ చేసిన పాత వస్తువు మీద సాధారణంగా ఏ ముద్రా ఉండదు, కాబట్టి ముద్ర లేనంత మాత్రాన వెండి కాదనుకోకు, ముద్ర ఉంటే పాతదే అనీ అనుకోకు. రాళ్ళు లేని గట్టి వస్తువైతే సాంద్రత తీసి చూడొచ్చు. మామూలుగా ఒకసారి తూచు. తర్వాత డిజిటల్ తక్కెడ మీద నీళ్ళ గ్లాసు పెట్టి అంకె సున్నాకి తెచ్చి, వస్తువుని దారంతో అడుగు తగలకుండా నీళ్ళలో ముంచి అంకె చూడు. మొదటి బరువుని రెండోదాంతో భాగించు. 925 వెండికి 10.3 చుట్టుపక్కల వస్తుంది, మెల్హియోర్‌కి 8.9. బోలు వస్తువుకి ఇది పనిచేయదు, గాలి పట్టి ఉంటుంది. అప్పుడు గీటురాయి ఉన్న కంసాలి దగ్గరికి వెళ్ళు.

నా సలహా, బతికున్న జెర్గెర్ చేతిపని కొను. సోవియట్ కాలంలో తెగిపోతున్న ఈ చేతిపనుల్ని మళ్ళీ పట్టుకొచ్చినవాళ్ళలో దార్కెంబాయ్ షోక్‌పారులి పేరు గౌరవంగా చెప్తారు. సెర్జాన్ బాషిరోవ్ పాత రూపాల ఆత్మ పట్టుకుని కొత్త నగలు చేశాడు. వాళ్ళ తర్వాత కుర్రవాళ్ళు చాలామంది ఈ పనిలో ఉన్నారు. మ్యూజియం లోపలి చేతిపనుల దుకాణాల్లో, వసంతకాలపు కొత్త సంవత్సరం నౌరూజ్ సంతల్లో చేసినవాళ్ళే కూర్చుని అమ్ముతుంటారు. ఎవరు చేశారు, ఎక్కడి శైలి, పోతా కొట్టుడా అని అడుగు. చేసినవాళ్ళయితే సంతోషంగా పని గురించి చెప్తారు. రసీదు మీద కొత్త వస్తువని, వెండి శాతం ఎంతని రాయించుకో.

అమ్మకి వెడల్పాటి బిలెజిక్ తీసుకో, రాళ్ళు లేనిది, కొమ్ముల నగిషీ ఉన్నది. రోజూ వంటింట్లో ఉండే చేతికి వెండి పెట్టడం వాళ్ళ ఆచారానికి సరిగ్గా సరిపోతుంది. అక్కకి చెవి కమ్మలు, సిర్గా. బరువు ఎక్కువ లేనివి చూడు, పాత నమూనాలు చెవి తమ్మెని లాగేస్తాయి, పసిపిల్ల చేతికి చిక్కుకుంటాయి కూడా. పాపకి పూసలు, తుమార్, గొలుసు ఏవీ వద్దు. చంటిపిల్ల మెడలో తాడు ప్రమాదం, ఊడిన పూస ఇంకా ప్రమాదం. ఒక సకినా కొను, రాయి లేని సాదా వెండి ఉంగరం. పాప స్నానపు నీళ్ళలో ఒకసారి వేసి తీసి దాచమను, పెద్దయ్యాక దాని వేలికే వస్తుంది. నువ్వు అడగనిది ఒకటి చెప్తాను. అక్క అత్తగారు పురిటి సమయంలో అక్కని బాగా చూసుకున్నారని నీ ప్రశ్నలోనే రాశావు. డబ్బు సరిపోతే ఒక కుదాగి జుజిక్ కొని మీ అమ్మ చేతుల మీదుగా ఆవిడకి ఇప్పించు, నువ్వు ఇవ్వకు. దాని కథ అమ్మకి ముందే చెప్పు, ఇచ్చేటప్పుడు అమ్మే చెప్తుంది. వేళ్ళ కొలత దారంతో తీసి పంపించమను, రెండు వేళ్ళూ కలిపి.

ఇక శుభ్రం చేయడం. మన ఇళ్ళల్లో వెండి నల్లబడగానే చింతపండు, విభూతి, పళ్ళపొడి, ఇప్పుడు అల్యూమినియం రేకు వేసి సోడా నీళ్ళు. పూజ గిన్నెలకి సరే, ఈ నగలకి ఇవేవీ వాడొద్దని అమ్మకి గట్టిగా చెప్పు. నల్లని నగిషీ కూడా గంధకంతో చేసిన నలుపే. సోడా, రేకు నీళ్ళకి అక్కర్లేని నలుపూ కావలసిన నలుపూ తేడా తెలియదు, రెండిటి మీదా పనిచేస్తుంది. వారాలు పట్టిన పని పాడవుతుంది. విభూతి, పళ్ళపొడి రాపిడికి పల్చటి బంగారు పూత లేచిపోతుంది. పగడం, ముత్యం సున్నపు పదార్థాలు, చింతపండు, నిమ్మకాయ పులుపుకి కరుగుతాయి. ఫిరోజా (టర్కోయిస్) రాయి నూనె, సబ్బు పీల్చి రంగు మారుతుంది. గాజు కింద రేకు పెట్టి బిగించిన నగని నీళ్ళలో ముంచితే తడి లోపలికి దిగి మచ్చ పడుతుంది. రాళ్ళు లేని కడియాన్ని గోరువెచ్చని పల్చటి కుంకుడు రసంలో మెత్తని గుడ్డతో తుడిచి, మంచినీళ్ళతో కడిగి, వెంటనే ఆరబెడితే చాలు. రాళ్ళున్నవి పొడిగుడ్డతో తుడవండి, అంతే. రోజూ వేసుకునే వెండి సాధారణంగా అంత త్వరగా నల్లబడదు, ఒంటి రాపిడే దానికి మెరుగు. దాచాలంటే ఉతికిన నూలుగుడ్డలో చుట్టి మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టమను. ఉన్నిగుడ్డ, న్యూస్‌పేపరు, రబ్బరు బ్యాండు మాత్రం దగ్గరికి రానివ్వొద్దు. వాటినుంచి వచ్చే గంధకానికే వెండి నల్లబడేది.